‘రా’ అనిపించుకోవాలని

హుజూర్‌నగర్ దాటి కొంత దూరం వచ్చాక రోడ్డుకు అడ్డంగా గేదెలొచ్చాయి. డ్రైవరు బ్రేకు తొక్కాడు. అందరం ముందుకు తూలి ఎవరి సీట్లలో వాళ్ళం సర్దుకుంటుంటే, వెనక సీటు కింద నుంచి ఏదో బరువైనది గరగరా జారుకుంటూ వచ్చి నా మడమకు తగిలి ఆగింది. వంగి చూస్తే గోనెసంచి. మూతి తాడుతో కట్టి ఉంది.

"తాకిందా పెద్దయ్యా?" అంటూ ఒకాయన లేచి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి. మెడ ఎక్కడ ముగిసి భుజం ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం, రెండూ ఒకటే ముద్ద. మెడ వెనక చర్మం మందంగా, నల్లగా కాయ కాసి ఉంది. బస్తాలు మోసేవాళ్ళకు తప్ప అలాంటి కాయ ఇంకెవరికీ రాదు.

"తాకలేదులే. ఏముంది దీంట్లో?"

"ఇనుము."

"ఇనుమంటే?"

"మా ఆమె దోస్తు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మొహంలో నవ్వు లేదు.

నేను కోదాడలో బస్సెక్కాను. మిర్యాలగూడలో రైలెక్కాలి. ఎక్కడికని అడిగితే చెప్పలేను, ఏ రైలు ముందొస్తే దానికి. ఇలా తిరిగేవాడికి బస్సులో దొరికే మనుషులే వార్తాపత్రిక. పక్క సీటు ఖాళీ చేసి కూర్చోమన్నాను. కూర్చున్నాడు. సంచిని పాదాల మధ్య ఇరికించుకున్నాడు, పారిపోయే మేకపిల్లను పట్టుకున్నట్టు. పేరు సాంసన్. మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో హమాలీ.

సంచి మూతి విప్పి చూపించాడు. నల్లటి ఇనుప గుండు, పైన ఒక పిడి.

"కెటిల్ బెల్ అంటరు. చాయ్ కెటిల్‌కు ముక్కు కోసేస్తే ఎట్లుంటది, గట్లుంటది."

నేను దాన్ని చూసి తెల్లబోలేదు. ఎక్కడో చదివాను. రష్యాలో ధాన్యం సంతల్లో తూకానికి వాడిన రాళ్ళట ఇవి. బేరాలు లేనప్పుడు విసుగుపుట్టి కుర్రాళ్ళు వాటిని గాల్లోకి ఎత్తి పందేలు వేసుకునేవాళ్ళట. అలా అలా కుస్తీవాళ్ళ చేతికి, సిపాయిల చేతికి పోయాయి. ఆ మాటకొస్తే మన సూర్యాపేట మార్కెట్‌లో కరెంటు కాంటాలు రాకముందు పిడి ఉన్న ఇనుప బాట్లు ఉండేవి. వాటిని ఎత్తి మీసం తిప్పినవాళ్ళను చూశాను. కుస్తీలు నేర్పే తాలింఖానాల్లో రాతిగుండ్లు ఉండేవి. పేర్లు మారి, రంగులేసుకుని, జిమ్ముల్లో అద్దాల ముందు కూర్చున్నాయి, అంతే. ఇదంతా సాంసన్‌కు చెప్పాను. మర్యాదగా విన్నాడు. బస్తా మీద బస్తా వేస్తుంటే లెక్క చూసుకునేవాడిలా తలూపాడు.

"గదంతా నాకెందుకు పెద్దయ్యా, నా సంసారంలకు ఎట్లొచ్చిందో అది జెప్త" అన్నాడు.

నేరేడుచర్ల పక్క పల్లెలో పుట్టాడు. తండ్రి దేవసహాయం పొలాల్లో జీతగాడు. కొడుకు బలంగా బతకాలని పాస్టరు చేత ఆ బైబిలు బలశాలి పేరు పెట్టించాడు. పేరు పనిచేసింది. మీసాలు రాకముందే మిల్లులో బస్తాలు లాగే కొక్కెం పట్టాడు. లారీ మీదికి బస్తా విసరడంలో అతనికి జోడీ దొరకడమే కష్టమయ్యేది. మిల్లు గేటు దగ్గర ఎవరినడిగినా ‘సాంసన్ పెండ్లం భాగ్య’ అనే చెప్పేవాళ్ళు ఆమె గురించి. భాగ్యది అదే మిల్లులో ధాన్యం ఆరబోసే కళ్ళంలో పని. నోరున్న మనిషి, ఇంట్లో. వీధిలోకి వస్తే తల దించుకుని నడిచేది.

ఒకరోజు పొద్దుగుంకే వేళ షేర్ ఆటోలో వస్తుంటే పక్కన కూర్చున్నవాడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. విడవలేదు. ఆమెకు గొంతు రాలేదు. ఆటో ఆగిన చోట దూకి, మిగతా దారి నడిచి ఇంటికి చేరింది.

"నేను వాని కోసం ఆటోలన్ని తిరిగిన. దొరకలే. ‘ఇగ నుంచి పొద్దుగాల నేనే దింపుత, సాయంత్రం నేనే తోల్కొస్త’ అన్న. మా ఆమె ఏమన్నదో ఎర్కనా? ‘నువ్వు జీవితమంత నా ఎనకనే ఉంటవా? ఉంటే బస్తాలెవడు మోస్తడు?’ అన్నది."

ఆ వారమే స్కూల్లో ఆటలు నేర్పే వందన టీచర్ చర్చి పక్క ఖాళీ జాగాలో ఆడవాళ్ళకు ఆత్మరక్షణ నేర్పడం మొదలుపెట్టింది. భాగ్య వెళ్ళింది. కోదాడ నుంచి ప్రశాంత్ అనే కుర్రాడు ఆదివారాలు వచ్చి నేర్పిపోయేవాడు. అతనే క్లాసుకు ఇలాంటి ఇనుప గుండ్లు తెచ్చాడు.

"చేతులు తాళ్ళట. బలం తాళ్ళల్ల ఉండదట" అంటూ సాంసన్ సీట్లో కూర్చునే నడుము కదిపి చూపించబోయాడు. ముందు సీటు ముసలమ్మ వెనక్కి తిరిగి చూసింది. "కాళ్ళు ఎడం జేసి, ఇనుమును కాళ్ళ నడుమ నుంచి ఎనకకు పోనియ్యాలె. అప్పుడు తుంటి ముందుకు కొట్టాలె. అదే లేస్తది ఛాతీ దాక. ఎవడన్న ఎనక నుంచి పట్టుకుంటే సుత చేతులతోని గుంజులాడొద్దట. కిందికి కూసొని, తుంటి వాని మీదికి కొట్టాలె. ఇనుముతోని రోజూ అదే పని చేసినోళ్ళకు ఆ టైముల ఆలోచన అవుసరం లేదట, ఒళ్ళే జేస్కపోతదట."

"నిజమే కదా?"

"నిజమే. గదే నా బాధ."

క్లాసులో ఆడవాళ్ళు ఎవరి ఇనుముకు వాళ్ళు పేరు పెట్టుకున్నారు. భాగ్య తనదాన్ని నల్లోడు అంది. పొద్దున లేవగానే మొగుడికి చాయ్ కంటే ముందు నల్లోడికి పసుపు గుడ్డతో తుడుపు. వాన పడితే ‘నల్లోణ్ణి లోపల పెట్టినవా?’ అని అడుగుతుంది, ‘తడిసినవా?’ అని సాంసన్‌ను అడగదు. మిల్లులో బీరన్న అనే తోటి హమాలీ ఈ సంగతి పట్టుకున్నాడు. ‘ఏం సాంసనూ, నల్లోడు తిన్నంకనే నీకు పెడుతుందట గద కూడు?’ అని లోడు లోడుకూ అడిగేవాడు.

"దాన్ని ఓర్సుకున్న. ఇనుమే గద. ఆ ప్రశాంతును ఓర్వలేకపోయిన."

"అతను ఏం చేశాడు?"

సాంసన్ కిటికీ వైపు తిరిగాడు. బయట నాట్లు వేసిన పొలాల్లో కొంగలు దిగుతున్నాయి.

"ఏం జేయలే. మంచి పిలగాడు. అక్కా అక్కా అంటడు. ఆడోళ్ళకు నేర్పేటప్పుడు ఎవడన్న దొంగ కావాలె గద, పట్టుకునేటోడు? ఆ దొంగ ఈ పిలగాడే. మా ఆమె చెయ్యి పడ్తడు. మా ఆమె అరుస్తది. ముందు గొంతే ఆయుధమని టీచర్ చెప్పింది. ‘ఇడ్సిపెట్రా!’ అని అరుస్తది. మూడు గల్లీలకు ఇనపడేటట్టు. ఇడ్సిపెట్రా అని."

"దానికేముంది?"

"ఏమున్నదా?" అతని గొంతు పెరిగింది. కండక్టరు కూడా చూశాడు. "పెండ్లయిన కాణ్ణుంచి నన్ను ‘ఏందయ్యా, రావయ్యా, తినవయ్యా’ అంటది. కోపమొస్తే ‘ఓ మనిషీ’ అంటది. ఎన్నడన్న ‘రా’ అన్నదా? ఇద్దరమే ఉన్నప్పుడు సుత అనలే. దగ్గరోళ్ళను అనే మాట కాదా అది? ఆమె తమ్ముణ్ణి అంటది. మిల్లుల పిల్లిని అంటది. నిన్నగాక మొన్నొచ్చిన కోదాడ పిలగాణ్ణి అంటది. మల్ల ఒకనాడు ఆటోల ఇంకెవడో మోచేయి పెట్టిండట. లేసి అరిచింది. ఆటో ఆగింది, వాడు ఉరికిండు. ఇంటికొచ్చి నవ్వుకుంట చెప్పింది. నేను సంబరపడాలె గద? పడ్డ. కాని ఆ లంగగాణ్ణి సుత ‘రా’ అన్నది పెద్దయ్యా! నేనొక్కణ్ణే మిగిలిన."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. తరవాత నవ్వు రాలేదు. భాషల గురించి నేను చాలా చదివాను. ఎన్నో భాషల్లో నువ్వు, మీరు ఉన్నాయి. మన ‘రా’ మాత్రం విచిత్రమైనది. కొట్టబోయేవాడికీ అదే, ఎత్తుకున్న బిడ్డకూ అదే. అవమానమూ ముద్దూ ఒక్క అక్షరంలో కాపురం ఉంటాయి. నన్ను ‘రా’ అనేవాళ్ళు ఒకప్పుడు ఊరినిండా ఉండేవాళ్ళు. ఒక్కొక్కరే పోయారు. ఇప్పుడు అందరికీ నేను సారును, పెద్దయ్యను. పక్కన కూర్చుని ఒక్క ‘రా’ కోసం కుళ్ళిపోతున్న ఈ మనిషిని చూస్తే నాకూ కుళ్ళు పుట్టింది. అడగడానికి ఇతనికి ఒక మనిషి ఉంది.

సూర్యాపేటలో ఒక కాలేజీ మైదానంలో మహిళల ప్రదర్శన పెట్టారు. మిర్యాలగూడ జట్టును పిలిచారు. సాంసన్ వందన టీచర్ దగ్గరికి వెళ్ళి, ఈసారి దొంగ వేషం తనకే ఇవ్వాలన్నాడు.

"‘అన్నా, నీకు పడుడొస్తదా?’ అనడిగింది. పడుడు సుత నేర్సుకోవాల్నా టీచరమ్మా, నూకితే ఎవడైనా పడ్తడు అన్న. మా ఆమె వద్దన్నది. నేను ఇనలే. కొత్త బనీను ఏసుకున్న. గడ్డం తీయించుకున్న. దొంగకు గడ్డముంటే బాగుంటదని టీచర్ అన్నా ఇనలే."

"తరవాత?"

"మస్తు జనం. పోలీసోళ్ళు, కాలేజీ పిల్లలు. మైకుల టీచర్ ‘ఇప్పుడు దుండగుడు వెనక నుంచి వస్తాడు’ అని చెప్పింది. నేను పోయిన. మా ఆమె చెయ్యి పట్టుకున్న. గుండె కొట్టుకుంటున్నది, ఇగ అంటది, ఇగ అంటది అని. ఆమె గట్టిగ శ్వాస తీసింది. తీసి..."

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"‘ఇడ్సిపెట్టయ్యా!’ అన్నది."

ముందు సీటు ముసలమ్మ కిసుక్కున నవ్వింది. చాలాసేపటి నుంచి వింటోందని అప్పుడు తెలిసింది.

"మైదానమంత నవ్వింది. ‘దొంగను అయ్యా అంటుందిరో’ అని ఒకడు, ‘అర్జీ పెట్టుకుంటుందిరో’ అని ఒకడు. అలవాటు గద, ఏం జేస్తది? మా ఆమె మొకం ఎర్రగయింది. సరే అని పట్టు ఏసింది. మంచిగనే ఏసింది. కిందికి కూసొని, తుంటి నా మీదికి కొట్టి, ఒరిగింది. నేను ఎగిరి ముంగట పడాలె."

"పడలేదా?"

"ఎట్ల పడ్త పెద్దయ్యా? నా మీదికి బరువు ఒరిగింది. ఒరిగిన బరువును ఎన్నడన్న కింద పడనిచ్చిన్నా? బస్తా పడితే పగుల్తది, గింజ పోతది, ఇజ్జత్ పోతది. కాళ్ళు వాటంతట అవే పాతుకపోయినయ్. చెయ్యి ఆమె నడుం కిందికి పోయింది. ఒక్క ఊపు. భుజం మీదికెత్తిన."

"భార్యనా?"

"ఇంకెవల్ని? ఎత్తి నడుస్తున్న సుత. లారీ యాడుందా అని సూస్తున్న. మా ఆమె నా ఈపు మీద గుద్దుతున్నది. జనం ఈలలు. అప్పుడు తెలివొచ్చింది. మెల్లగ, గింజ రాలకుండ, దించిన."

ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సాంసన్ మాత్రం చాలా గంభీరంగా ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం రెండోసారి ప్రదర్శనకు ప్రశాంత్‌నే దింపారు. సాంసన్ జనంలో వెనక నిలబడి చూశాడు. భాగ్య ‘ఇడ్సిపెట్రా!’ అని అరిచిన అరుపుకు మైకు కీచుమంది. ప్రశాంత్ గాల్లో తిరిగి వెల్లకిలా పడ్డాడు. చప్పట్లు. లేచి దుమ్ము దులుపుకుంటూ నవ్వాడు. భాగ్య కూడా నవ్వింది. తిరుగు బస్సులో ఆమె మొగుడి పక్కన కూర్చోలేదు.

"ఇంటికొచ్చినంక ఒక్క మాట అన్నది. ‘నువ్వు నన్ను బస్తా జేసినవ్’ అన్నది. ఇగ అంతే. కూడు పెడ్తది. మాట లేదు."

ఆ మాట అతన్ని కోదాడకు తరిమింది. సెలవు దొరికినప్పుడల్లా ఇంట్లో చెప్పకుండా బస్సెక్కి పోయి, ఎవరి మీద కుళ్ళుకుంటున్నాడో ఆ ప్రశాంత్ దగ్గరే పడటం నేర్చుకుంటున్నాడు.

"వాని దగ్గరికే ఎందుకు పోయావయ్యా?"

"వానంత మంచిగ పడేటోడు ఈ జిల్లాల ఇంకెవడున్నడు?" అన్నాడు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

ప్రశాంత్ మొదట పడటం నేర్పలేదట. పిడి పట్టుకుని ఊపి, ఇసుక కుప్ప మీదికి ఇనుమును వదిలెయ్యమన్నాడు. ‘అన్నయ్యా, వదిలెయ్యండి. జారినప్పుడు వదిలి పక్కకు తప్పుకోవాలండి, పట్టుకోబోతే భుజం పోద్ది’ అని ఒకటే మాట. సాంసన్ వేళ్ళు విచ్చుకోలేదు. ఎత్తమంటే ఎత్తుతాడు, మొయ్యమంటే కోదాడ బస్టాండు దాకా మోస్తాడు. వదలమంటే రాదు. ఆఖరికి ఒకరోజు కళ్ళు మూసుకుని వదిలాడు. ఇసుకలో అది దిగబడిన చప్పుడుకు, పగిలిందేమోనని వంగి తడిమి చూశాడట. దాని తరవాతే పడటం. గడ్డం ఛాతీకి ఆనించడం, భుజం మీదుగా దొర్లడం, అరచేత్తో నేలను ఛట్టున కొట్టడం.

"వచ్చిందా?"

"చాప మీద వచ్చింది."

"మరి ఈ ఇనుము?"

అతని దవడ బిగిసింది. "ఇది ఇంకా పెద్దది. నల్లోడు ఇగ ఆమెకు తేలికైపోయిండట. ‘అన్నయ్యా, ఎలాగూ వెళ్తున్నారుగా, ఇది అక్కకి ఇచ్చెయ్యండి’ అన్నడు. నాకు ఎట్లుంటది చెప్పు? వాడిచ్చిన ఇనాము, నా భుజం మీద, నా పెండ్లానికి!"

బస్సు సాగర్ కాలువ వంతెన ఎక్కింది. నీళ్ళు నిండుగా ఉన్నాయి. సాంసన్ సంచి మూతి బిగించి, ఎత్తి, కిటికీ చువ్వ మీద ఆనించాడు. కాలువలో పడేస్తాడనుకున్నాను. ముసలమ్మ కూడా వెనక్కి తిరిగి చూస్తోంది. వంతెన దాటిపోయింది. అతను సంచిని మళ్ళీ పాదాల మధ్య పెట్టుకున్నాడు.

"చేర్చుమని ఇచ్చిన సామాను" అన్నాడు, ఎవరితోనో తగువు పడుతున్నట్టు. "నడుమల పడగొట్టుడు నాతోని కాదు."

మిర్యాలగూడ బస్టాండులో దిగేసరికి ఎండ వాలింది. సంచి దింపేటప్పుడు తన తువ్వాలు నా చేతికిచ్చి, జర పట్టుకోమన్నాడు. ప్లాట్‌ఫారం చివర, మట్టి జాగాలో ఒక మనిషి నిలబడి ఉంది. సన్నగా, నిటారుగా. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని ఉంది. ఆమె భాగ్య అని ఎవరూ చెప్పక్కర్లేదు. సాంసన్ అడుగు అక్కడే ఆగిపోయింది.

"ప్రశాంత్ ఫోన్ జేసిండు" అంది ఆమె, మొగుణ్ణి కాదు, సంచిని చూస్తూ. "ఎన్నాళ్ళ నుంచి పోతున్నవట కోదాడకు? మిల్లుల ఓటీ అని చెప్పినవ్ గద? ఇటియ్యి."

చెయ్యి చాచింది. సాంసన్ సంచి ఇవ్వలేదు. కుడిచేత్తో సంచి పట్టుకుని, ఎడంచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఏందయ్యా, బస్టాండుల?"

"అను" అన్నాడు.

"ఏమనాలె?"

"ఆ పిలగాణ్ణి ఏమంటవో గది."

ఆమె అతని మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఇన్నాళ్ళ అలక ఎందుకో, ఆ కోదాడ ప్రయాణాలు ఎందుకో, అక్కడికక్కడే ఆమె లెక్క తేల్చుకుంటున్నట్టు నాకు కనబడింది. పెదవి చివర ఏదో కదిలింది. నవ్వని అనుకునేలోపే ఆమె ఛాతీ నిండా గాలి పీల్చింది.

"ఇడ్సిపెట్రా, సాంసన్!"

బస్టాండు మొత్తం తిరిగి చూసింది. పల్లీలమ్మేవాడి చేతిలో పొట్లం విడిపోయింది. సాంసన్ వేళ్ళు విచ్చుకున్నాయి, రెండు చేతులవీ. సంచి దబ్బున మట్టిలో పడింది. ఆ మరుక్షణమే భాగ్య అతని ముంజేయి అందుకుని, వంగి, తుంటి కొట్టింది. ఆ ముద్దలాంటి మనిషి ఆమె మీదుగా తిరిగి నేల మీద పడ్డాడు. అరచెయ్యి మట్టిని ఛట్టున కొట్టింది. చాప మీద కూడా అంత బాగా పడి ఉండడు.

ఇద్దరు ఆటోవాళ్ళు చొక్కా చేతులు మడుస్తూ పరుగెత్తుకొచ్చారు. "ఎవడక్కా వాడు? ఏం జేసిండు?"

"మా ఇంటాయన" అంది భాగ్య, రొప్పుతూ. "పడుడు నేర్సుకున్నడు."

ఆటోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సాంసన్ మట్టిలో వెల్లకిలా పడుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. లేవాలనే తొందరేమీ ఉన్నట్టు లేదు. బస్సు దిగిన ముసలమ్మ నా పక్కన నిలబడి, "అన్నదిర అయ్యా, అన్నది" అంది, సగం నాతో, సగం తనతో.

భాగ్య సంచి ముడి విప్పింది. పిడి పట్టుకుని బరువు చూసుకుంది. అతను లేచి, అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇనుము ఆమె చేతిలో, ఖాళీ గోనెసంచి అతని భుజం మీద. ఆమె ముందు, అతను వెనక. గేటు దగ్గర ఆమె ఏదో అంది, నాకు వినబడలేదు. అతను మెడ వంచి, ఇంకోసారి అనమన్నట్టు చెవి దగ్గరపెట్టాడు.

"సాంసన్! తువ్వాలు!" అని పిలిచాను.

అతను తిరిగి చూడలేదు. రోడ్డు దాటి, మిల్లుల వైపు పోయే లారీల పక్కగా ఆమె వెనకే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.